ట్యాంకరమ్మ చెప్పిన "వద్దు"

ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఊళ్లో లేరు. ట్రాక్టరుకు నీళ్ల ట్యాంకరు తగిలించుకుని, ఇళ్లు కట్టేవాళ్లకీ పెళ్లిళ్లవాళ్లకీ నీళ్లు తోలుతుంది కాబట్టి ట్యాంకరమ్మ. భర్త దర్జీ. కుట్టుమిషను చక్రం తప్ప ఇంకో చక్రం జోలికి పోయిన మనిషి కాదు. "మా ఇంట్లో స్టీరింగు ఆవిడది, సూది నాది" అని కొత్తవాళ్లకు తనే ముందుగా చెప్పేసేవాడు, వాళ్లు నవ్వేలోపు.

ట్యాంకరులో నీళ్లెన్ని ఉన్నాయో ఆమె మూత తీసి చూసేది కాదు. వేలి కణుపులతో పక్కన కొట్టి, చప్పుడు విని చెప్పేది. చెప్పిన వేళకు నీళ్లు రాలేదని ఆమె మీద ఫిర్యాదు లేదు. ఆ సంగతి ఊరికి తెలుసు. ఆమెకు ఇంకాస్త ఎక్కువ తెలుసు.

ఊరి చివర గుట్ట కింద ఆమె అన్నయ్య నిమ్మతోట ఉంది. తోటకూ గుట్టకూ మధ్య ఉన్న బీడు కూడా ఆయనదే. మేసే పశువులు తగ్గిపోయాక అక్కడ గడ్డి నడుమెత్తు పెరిగి, ఎండి, ముళ్లకంపతో పెనవేసుకుని పడి ఉంది. ఏటా ఎండలు ముదిరాక గుట్ట మీద ఎక్కడో ఒకచోట నిప్పు పుడుతుంది. కిందటేడు అది బీడు అంచు దాకా వచ్చి ఆగింది. ఎందుకు ఆగిందో ఎవరూ చెప్పలేకపోయారు. అప్పటి నుంచి గుట్ట వైపు మేఘం కనిపించినా పొగేమోనని అన్నయ్య చేస్తున్న పని వదిలేసి గట్టెక్కి చూసేవాడు. భార్య పోయాక ఆయనకు ఉన్నవి రెండే, ఆ తోటా, ఈ చెల్లెలూ.

రిటైరైన సైన్సు టీచరు ఒకావిడ ఆ ఊళ్లో నేల సంరక్షణ సంఘం నడిపేది. నెలకో ఆదివారం ఎవరో ఒకరి పొలంలో టెంటు వేయించి, ఇంకుడు గుంత ఎలా తవ్వాలో, వాగు ఒడ్డు కోసుకుపోకుండా ఏం నాటాలో, కంపను వేళ్లతో సహా ఎలా పెకలించాలో చేసి చూపించేది. మొదట్లో సగం మంది భోజనానికే వచ్చారు. ఆ సగంలో కోళ్లషెడ్డు ఆయన ఒకడు. మాట్లాడటం మొదలుపెడితే ఆపడానికి మీట ఉండదని ఆయన్ని అందరూ రేడియో అనేవారు. "గట్టు మీద చెట్టు పెడితే నీడ పక్కాయనకి, రాలిన ఆకులు నాకు. లెక్క బాగుంది టీచరు గారూ" అని ఎకసెక్కాలాడుతూనే, మరుసటి వారం చెట్లు పెట్టాడు.

ఆ చలికాలం చివర పెట్టిన కార్యక్రమం మాత్రం ఎవరికీ నవ్వు తెప్పించలేదు. నిప్పు రాకముందే మనమే నిప్పు పెట్టడం. బీడులో గుట్ట పొడవునా వెడల్పాటి పట్టీ ఒకటి అదుపులో తగలబెడితే, ఎండాకాలం పైనుంచి వచ్చే మంటకు ఆ నల్లనేల మీద తినడానికేమీ దొరక్క చల్లారిపోతుంది. అదుపు తప్పితే మాత్రం కాపాడాలనుకున్న తోటను మన చేతులతోనే కాల్చుకున్నట్టు. అందుకని పట్టీకి రెండువైపులా గడ్డి గీకి, గీతల్లా నేల తేల్చారు. తడిగోనెలతో మనుషులు, వాళ్ల వెనక ట్యాంకరు. అగ్నిమాపక కార్యాలయం ఒక్కరోజుకు అనుమతి ఇచ్చి, ఒక అధికారిని పంపింది. ఆ తర్వాత గాలులు మొదలవుతాయి కాబట్టి మళ్లీ శీతాకాలం దాకా అనుమతి ఉండదు.

టీచరు ముందుగానే ఒక నియమం చెప్పింది. అగ్గిపుల్ల గీసేముందు అందరూ గుండ్రంగా నిలబడాలి. ఒక్కొక్కరూ పైకి వినపడేలా "సిద్ధం" అనో "వద్దు" అనో చెప్పాలి. ఒక్కరు వద్దన్నా ఆ రోజుకు పని ఆగిపోతుంది. ఎందుకని అడగకూడదు, ఒప్పించాలని చూడకూడదు. అలా అడిగితే, భయపడ్డవాడు సిగ్గుపడి నోరు మూసుకుంటాడు, ఆ తర్వాత మంట మాట్లాడుతుంది, అంది. తలలూపారు. పెళ్లిలో అరుంధతిని చూపించినట్టు అదో తంతు అనుకున్నారు.

ఆ పొద్దున కరెంటు పోయింది. బోరు ఆడలేదు. ట్యాంకరమ్మ ఊరవతల పాత క్వారీ గుంతలోంచి నీళ్లు తోడుకుంది. మామూలుగా ఆ నీళ్లు పట్టుకునేది కాదు, నాచు ఎక్కువని. దారిలో ట్యాంకరు పంపు ఆడించి చూస్తే పైపు చివర నీళ్లు సన్నబడి ఆగిపోయాయి. పంపు మూతికుండే జల్లెడ విప్పితే పిడికెడు నాచు. తీసేసి, బిగించి, మళ్లీ ఆడించింది. కాసేపటికి మళ్లీ పట్టేసింది. ఈసారి ఇంకాస్త నాచు. మూడోసారి బాగా ఆడింది. ఇంకాసేపు ఆడించి చూద్దామంటే ఉన్న నీళ్లు అయిపోతాయి. అప్పటికే బీడు దగ్గర అందరూ ఎదురుచూస్తున్నారు. బాగైపోయిందిలే అనుకుంది. ట్యాంకరు అడుగున ఇంకెంత నాచు ఉందో మాత్రం ఆమెకు తెలీదు.

గుండ్రంగా నిలబడ్డారు. అధికారి గాలి చూశాడు, సిద్ధం అన్నాడు. టీచరూ అదే అంది. అన్నయ్య భుజం మీద తడిగోనె వేసుకుని, గుట్ట వైపు చూస్తూ, అందరికంటే గట్టిగా అన్నాడు. రేడియో "సిద్ధమే, భోజనానికి కూడా" అన్నాడు. వరస ఆమె వైపు వస్తోంది. ఇంత పనిలో మనుషుల వెనక ఉన్న దన్ను ఆ ట్యాంకరొక్కటే. నా బండి మీద నాకే నమ్మకం లేదని ఇంతమందిలో ఎలా అనడం? అనకపోతే, మంట గీత దాటిన క్షణంలో పైపు చివర నీళ్లు సన్నబడితే? అన్నయ్య ఆమె వైపు చూడను కూడా లేదు. ఆమె ఏమంటుందోనన్న అనుమానమే ఆయనకు లేదు.

"వద్దు," అంది ట్యాంకరమ్మ.

అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి. ముందు రేడియోనే తేరుకున్నాడు. "కారణం అడగకూడదన్నారు గానీ అక్కా, మొహం చూడొచ్చా?" అన్నాడు. కొందరు నవ్వారు. టీచరు అగ్గిపెట్టె సంచిలో వేసేసుకుంది. ఇవాళ్టికి ఇంతే, అంది.

అన్నయ్య ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఇంకెవరన్నా అనుంటే నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి. నువ్వన్నావ్."

"పొద్దున పంపు రెండుసార్లు పట్టేసింది అన్నయ్యా."

"ఇప్పుడు?"

"ఇప్పుడు బాగానే ఉంది. ఉంటుందో లేదో తెలీదు."

అయితే ఆడించి చూద్దాం, ఎలాగూ తగలబెట్టేది లేదు కదా అన్నాడు అధికారి. ఆమె పంపు మీట వేసింది. నీళ్లు ఎగిరి కంప మీద పడ్డాయి. పడుతూనే ఉన్నాయి. ఎక్కడా తడబడలేదు, ట్యాంకరు ఖాళీ అయ్యేదాకా ఒకే ధార. భోజనాలకు లేచినవాళ్లు కూడా నిలబడి చూశారు. చివరి చుక్కలు రాలాక అన్నయ్య తోటలోకి వెళ్లిపోయాడు. పంపు ఆగిపోయి ఉంటే బాగుండునని ఆమె జీవితంలో కోరుకున్నది ఆ ఒక్కసారే.

గాలులు మొదలయ్యాయి. గడ్డి అలాగే ఉంది. ట్యాంకరమ్మ కొత్త జల్లెడ వేయించింది, ట్యాంకరు లోపల దిగి కడిగింది. రోజూ మధ్యాహ్నానికి బోరు నీళ్లు నింపుకుని వెళ్లి తోట పక్కన ఆపుకుని కూర్చునేది. ఎండ చల్లబడేదాకా కదిలేది కాదు. ఇల్లు కట్టేవాళ్లు నీళ్లు రాలేదని మొట్టమొదటిసారి ఫిర్యాదులు చేశారు. కొందరు పక్క ఊరి బండి మాట్లాడుకున్నారు. అన్నయ్య ఆమెను చూసేవాడు, రావద్దనలేదు, రమ్మనలేదు. మంచినీళ్ల బిందె మాత్రం గట్టు మీద పెట్టించేవాడు, పనివాళ్ల చేత.

కొన్నాళ్లకు దర్జీ కూడా కాజాలు కుట్టే పని చేత పట్టుకుని వచ్చి ట్రాక్టరు నీడలో కూర్చోవడం మొదలుపెట్టాడు. ఎందుకని అడిగితే, "ఇంట్లో ఉంటే నీకేమవుతుందోనని దడ, ఇక్కడుంటే నిప్పెప్పుడొస్తుందోనని దడ. ఇక్కడైతే గాలైనా తగులుతుంది" అన్నాడు.

నిప్పు ఒక మధ్యాహ్నం వచ్చింది. ముందు గుట్ట మీద నుంచి పిట్టలు లేచాయి. తర్వాత పొగ. దర్జీ ఊళ్లోకి పరిగెత్తాడు. మంట బీడులోకి దిగిందంటే ఇక నడక కాదు, దూకుడు. గడ్డి చిటపటమంటూ, కంప ఫెళఫెళమంటూ, చూస్తుండగానే తోట కంచె అంటుకుంది. ట్యాంకరమ్మ బండిని కంచెకు అడ్డంగా తిప్పి మీట వేసింది. పైపు అన్నయ్య పట్టుకున్నాడు. పొగలో ఒకరికొకరు కనపడటం లేదు. "అన్నయ్యా, ఉన్నావా?" అని ఆమె అరుస్తూనే ఉంది, పైపు చివర ఆయన ఉన్నాడని తెలియడానికి. ఆమె చెవి మంట మీద లేదు, పంపు మీద ఉంది. అది ఎక్కడ గొంతు మారుస్తుందోనని. మార్చలేదు. ఊరు గోనెలతో వచ్చేసరికి మంట తోట లోపలికి రెండు వరసలు తిని ఆగింది.

ఆకులు మాడిపోయిన చెట్ల మధ్య నిలబడి, మసి మొహంతో అన్నయ్య అన్నాడు:

"ఆ రోజు కాల్చి ఉంటే ఈ రెండు వరసలూ ఉండేవి."

"ఉండేవి," అంది ఆమె.

 వానలు పడ్డాయి. బీడులో గడ్డి మళ్లీ నడుమెత్తు లేచింది, మాడిన వరసల్లో అన్నయ్య కొత్త మొక్కలు పెట్టాడు. ఆ పక్కగా ఆమె బండి పోతే చెయ్యి ఎత్తేవాడు, ఆపేవాడు కాదు.

మళ్లీ చలికాలం చివర టీచరు అదే కార్యక్రమం పెట్టింది. ఈసారి అధికారుల చుట్టూ తిరిగి రెండు రోజులకు అనుమతి తెచ్చింది. ఎందుకని ఎవరూ అడగలేదు. నీళ్ల బండికి ఎవర్ని పిలవాలో ఆవిడ అన్నయ్యనే అడిగింది, బీడు ఆయనది కాబట్టి. ఆయన కొత్త మొక్కల వైపు ఒకసారి చూసి, ఇంకెవరున్నారు, అన్నాడు.

ఆ పొద్దున మనుషులు గుండ్రంగా చేరకముందే అన్నయ్య ట్యాంకరు దగ్గరికి వచ్చాడు.

"పంపెలా ఉంది?"

"బాగుంది."

"ఆ రోజూ బాగానే ఉంది కదే."

"ఆ రోజు నాకు తెలీదు. ఇవాళ తెలుసు."

ఆయన తల ఆడించి వెళ్లి తన చోట నిలబడ్డాడు. వరస మొదలైంది. అధికారి సిద్ధం. టీచరు సిద్ధం. ట్యాంకరమ్మ సిద్ధం అన్నప్పుడు కొందరు ఊపిరి వదలడం వినిపించింది. అన్నయ్య సిద్ధం. తర్వాత రేడియో. ఎప్పటిలా ఏదో ఒక జోకు వేస్తాడని అప్పటికే సగం నవ్వు మొహాలతో చూస్తున్నారు. ఆయన గీత వైపు చూశాడు, తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"వద్దు," అన్నాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. అందరూ చూసింది రేడియోను కాదు, అన్నయ్యను. బీడు ఆయనది, గడ్డి ఆయనది, పోయిన రెండు వరసలూ ఆయనవి.  ఆయన భుజం మీది తడిగోనె తీసి ట్రాక్టరు బానెట్ మీద ఆరేశాడు.

"రేపు ఎన్నింటికి రమ్మంటారు?" అన్నాడు టీచరుతో.

రేడియో ఆ రోజంతా మాట్లాడలేదు. ఎందుకు వద్దన్నాడో తర్వాత కూడా చెప్పలేదు. మాటలు ఆగని మనిషి దాచుకున్నది అదొక్కటే.

మరునాడు వరస ఎక్కడా తెగకుండా తిరిగింది. మంట గుట్ట పొడవునా గీతల మధ్య తలవంచుకుని నడిచింది. ఒక్కచోట కంప నుంచి నిప్పురవ్వ ఎగిరి గీత దాటితే, నీళ్ల ధార వెళ్లి అక్కడే దాన్ని నొక్కేసింది. ఎండ ఎక్కేసరికి బీడు మీద నల్లపట్టీ మిగిలింది.

అందరూ భోజనాలకు వెళ్లారు. చివరి పొగ ఆరేదాకా బండి కదలకూడదు కాబట్టి ట్యాంకరమ్మ ఉండిపోయింది. అన్నయ్య కూడా. ఆయన ట్యాంకరు చుట్టూ ఒకసారి తిరిగి, వేలి కణుపులతో పక్కన కొట్టి, చెవి పెట్టి విన్నాడు.

"ఎంతుంది?" అన్నాడు.

"వినపడలేదా?"

"నాకేం తెలుస్తుంది?"

"సగం పైనే ఉంది. కూర్చో," అంది ఆమె, సీటు మీద పక్కకు జరుగుతూ.