కర్చీఫ్ వేసిన సీటు

అవనిగడ్డ బస్సులో కిటికీ పక్క సీటు మీద బయటి నుంచి కర్చీఫ్ వేసింది నేను. తోసుకుంటూ పైకి ఎక్కేసరికి అందులో ఒక ఇంగ్లీషాయన కూర్చుని ఉన్నాడు. "మీరు పారేసుకున్నట్టున్నారు" అని ఇంగ్లీషులో అంటూ నా కర్చీఫ్‌ను మడతపెట్టి నాకే ఇచ్చాడు. అది నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

"ఇదేం న్యాయమండీ?" అని కండక్టర్‌ని అడిగాను.

"మన కర్చీఫ్ సంగతి ఆయనకేం తెలుసండీ? సర్దుకోండి."

"ఎప్పుడూ నేనే సర్దుకోవాలా?"

చివరికి, కర్చీఫ్ వేస్తే సీటు ఆపుకున్నట్టేనని నేనే ఇంగ్లీషులో చెప్పాను. ఆయన నవ్వి లేచాడు. నా పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడి కబుర్లు మొదలుపెట్టాడు. వాళ్ళ దేశంలో కింది డివిజన్ జట్లకు మిడ్‌ఫీల్డులో ఫుట్‌బాల్ ఆడేవాడట. ఏడాదికో ఊరు, ఊరికో జట్టు. చాలా ఆటల్లో బూట్లు బిగించుకుని, పిలుపు కోసం బెంచీ మీదే కూర్చున్నాడట. చెబుతున్నంతసేపూ, ఇప్పుడే ఆటలోకి పిలుస్తారన్నట్టు, ఆయన మడమలు కుదురుగా లేవు.

"ఎందుకు ఆడించరని అడగలేదా?" అన్నాను. నేనైతే వదిలేవాణ్ణి కాదు.

"ప్రతి కోచ్‌నీ అడిగాను. వచ్చే శనివారం అనేవాళ్ళు. ఆ శనివారం కోసం చూస్తుండగానే వయసైపోయింది."

ఉయ్యూరులో నా పక్క సీటు ఖాళీ అయింది. కూర్చోమన్నాను.

"వద్దు. కూర్చున్నది చాలు."

అవనిగడ్డ దాకా నిలబడే వచ్చాడు.

ఇప్పటికీ బస్సులో కర్చీఫ్ వేస్తాను, ఎవరికీ సీటు వదలను. కానీ పక్కన ఎవరైనా నిలబడితే, వాళ్ళ మడమల వైపు చూడకుండా ఉండలేను.