ఎలీసమ్మ కుట్టని గ్లౌజులు

గరివిడిలో చర్చి వీధి చివరి ఇంట్లో ఎలీసమ్మ గ్లౌజులు కుడుతుంది. ఫౌండ్రీల్లో వేడి ఇనుము పట్టే కూలీలు తొడుక్కునేవి. పైనా లోపలా మందపాటి జీన్స్ గుడ్డ, మధ్యలో ఉన్ని కంబళి పొర.

వ్యాపారం చేద్దామని ఆమె ఈ పని మొదలుపెట్టలేదు. ఐదేళ్ళ కిందట ఆమె భర్త కృపారావు ఒక చిన్న ఫౌండ్రీలో వేడి అచ్చు ఎత్తుతుంటే గ్లౌజు చిరిగి కుడి అరచెయ్యి కాలిపోయింది. ఆ వేళ్ళు ఇప్పటికీ సరిగా ముడవవు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఎలీసమ్మ ఆ గ్లౌజును కత్తెరతో విప్పి చూసింది. లోపల దోమతెరలాంటి గుడ్డ, అదీ ఒక్క పొర.

"దీన్ని నమ్ముకునా నువ్వు నిప్పులో సెయ్యెట్టావు?" అంది. ఆ రోజు పుట్టిన కోపం తరవాత చల్లారలేదు.

మొదటి జత భర్త స్నేహితుడికి కుట్టి ఇచ్చింది. నెల తరవాత దాన్ని వెనక్కి తెప్పించుకుని చూస్తే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిరిగి ఉంది. తరవాతి జతకు అక్కడ అదనంగా ముక్క వేసింది. అప్పటినుంచి కొత్తవి కావాలంటే పాతవి తెచ్చి చూపించాల్సిందే. ప్రతి కట్టలోంచీ ఒక గ్లౌజు తీసి తనే తొడుక్కుని, పొయ్యి మీద సెగలు కక్కే పెనాన్ని ఎత్తి ఇరవై లెక్కపెట్టేది. ఇరవై లోపు చేతికి వేడి తెలిసిందా, ఆ కట్ట మొత్తం విప్పి మళ్ళీ కుట్టేది. కుట్టిన గ్లౌజు వేళ్ళను పుల్లతో లోపలినుంచి బయటికి తిప్పే పని కృపారావుది. ఎడమచేత్తోనే తిప్పేవాడు.

సరుకు చేరవేసేది మరిది విక్టర్. మూడు ఫౌండ్రీలకు కూలీలనూ వాళ్ళ సామగ్రినీ సరఫరా చేసే కాంట్రాక్టరు గణపతిరావుకు నెలకు రెండు వందల జతలు వెళ్ళేవి. విక్టర్ విజయనగరంలో రెండురోజుల వ్యాపార శిక్షణకు వెళ్ళొచ్చినప్పటినుంచి అతని మాట తీరే మారిపోయింది.

"వదినా, సిన్నగా ఆలోసిస్తే సిన్నగానే ఉండిపోతాం. ముందు మైండ్‌సెట్ మార్సుకోవాల."

"నా బుర్రకేటి రోగం రా? రెండు మిషన్లు, నాలుగు సేతులు. ఇంకెంత కుట్టమంటావు?"

ఒక సోమవారం గణపతిరావు స్వయంగా వచ్చాడు. నెలకు రెండు వేల జతలు కావాలన్నాడు. విక్టర్ ముఖం వెలిగిపోయింది.

"కానీ రేటు సగానికి రావాలమ్మా. లోపల కంబళి తీసేయ్. జీన్స్ ఒక్క పొర సాలు, పైకి ఒకేలాగుంటాది. తనికీకి వచ్చినోడు సేతికి గ్లౌజు ఉన్నాదా లేదా అనే సూస్తాడు. లోపలేటున్నాదో ఎవడు సూడొచ్చాడు?"

ఎలీసమ్మ చేతిలోని సూది ఆగింది. "శుక్రవారం రండి బాబూ. మీరన్నట్టే ఒక జత కుట్టి ఉంచుతాను" అంది.

శుక్రవారం ఆయన వచ్చేసరికి పొయ్యి మీద పెనం కాగుతోంది. గణపతిరావు గ్లౌజు తొడుక్కుని, చెయ్యి అటూ ఇటూ తిప్పి మెచ్చుకున్నాడు.

"అయితే ఆ పెనం దించండి బాబూ."

ఆయన నవ్వాడు. "నేను పెనాలు దించడానికొచ్చానా?"

"మీ కూలోళ్ళు దీనికి పదింతలు ఏడి పడతారు. మీరు పెనం పట్టలేరా?"

ఆయన గ్లౌజు తీసి బల్లమీద పెట్టేశాడు. ఆర్డరు చేజారిపోతుందని విక్టర్‌కు కంగారు పుట్టింది. "నేను దించుతాను వదినా" అని గ్లౌజు తొడుక్కుని పెనం ఎత్తాడు. నాలుగు లెక్కపెట్టే లోపే పెనం సిమెంటు నేల మీద పడింది. విక్టర్ అరచేతి నిండా ఎర్రటి చార. కృపారావు గిన్నెతో నీళ్ళు తెచ్చి తమ్ముడి చెయ్యి అందులో ముంచాడు.

"ఇంత కోపం యాపారానికి పనికిరాదమ్మా. నీకు ఎదగాలని లేదా?" అన్నాడు గణపతిరావు.

"ఎదగాలనే ఉన్నాది. ఇంకో రెండు వేల మందికి మా ఆయన సెయ్యిలాంటి సేతులు సేసి ఎదగమంటే మాత్రం, ఆ ఎదుగుదల మీ ఇంట్లోనే ఎట్టుకోండి."

పాత రెండు వందల ఆర్డరు కూడా ఆగిపోయింది. ఇంకెవరో కుట్టిచ్చిన పలచటి గ్లౌజులు నెల తిరక్కుండానే కూలీల చేతుల్లో కనిపించాయి. ఎలీసమ్మ బుట్ట పట్టుకుని షిఫ్టు మారే వేళకు ఆ మూడింటిలో ఒక ఫౌండ్రీ గేటు దగ్గర నిలబడింది. కొందరు కొనుక్కున్నారు. వాళ్ళు జేబులోంచి డబ్బు తీస్తుంటే ఆమెకు ఒళ్ళు మండిపోయేది. ఇవ్వాల్సినవాడు ఇవ్వడు, చెయ్యి కాలేవాడు కొనుక్కోవాలి.

ఇది ఇలా సాగకూడదనుకుంది. గేటులో వాచ్‌మన్ రెండుసార్లు వెనక్కి పంపాడు. మూడోసారి వెంటబెట్టుకెళ్ళిన విక్టర్ వాచ్‌మన్‌ను మాటల్లో పెట్టి ఒప్పించడంతో మేనేజరు గది దాకా వెళ్ళింది. కూలీల చేతుల్లోని గ్లౌజొకటి, తనదొకటి ఆయన ముందే కత్తిరించి పరిచింది. మేనేజరు ఉన్ని పొరను వేళ్ళతో నలిపి చూశాడు. తరవాత రెండోదాన్ని చూశాడు. ముఖం గంటు పెట్టుకున్నాడు.

"గణపతిరావు నా దగ్గర కంబళి గ్లౌజుల రేటే తీసుకుంటున్నాడే" అన్నాడు.

అక్కడికక్కడే ఫోన్ చేసి కాంట్రాక్టరును చెడామడా తిట్టాడు. ఇకనుంచి నెలకు మూడు వందల జతలు ఎలీసమ్మ దగ్గరే నేరుగా కొంటామని కాగితం రాసిచ్చాడు.

బయటికి రాగానే విక్టర్, "గెలిసాం వదినా" అన్నాడు.

"ఏటి గెలిసాం రా? డబ్బులు పోనాయని గదా ఆయనకి మండింది. సేతులు కాల్తన్నాయని సెప్తే కుర్సీలోంచి లేసేవాడా? ఒక్క మాటైనా అడిగాడా, ఎవుడికి కాలిందని?"

ఎలీసమ్మ కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుని వడివడిగా నడిచింది. మిగతా రెండు ఫౌండ్రీల్లో ఇంకా ఆ పలచటి గ్లౌజులే నడుస్తున్నాయి. వచ్చే సోమవారం రెండో ఫౌండ్రీ గేటుకు వెళ్ళాలి, కత్తెర మరవద్దని విక్టర్‌కు చెప్పింది.