కొనని పెట్టె

ఆసుపత్రి నేలమాళిగలో దుప్పట్ల గది ఉండేది. ఉతికి ఆరేసిన దుప్పట్లు, దిండు గలీబులు, రోగులు తొడుక్కునే గౌన్లు బండ్లకొద్దీ అక్కడికి దిగేవి. చిరిగినవాటిని కుట్టడం, బాగున్నవాటిని మడతపెట్టి పై అంతస్తులకు పంపడం ఆమె పని. పెళ్ళయిన కొత్తలో చేరింది. జుట్టు నెరిసినా ఆ కుట్టుమిషను ముందునుంచి లేవలేదు. వార్డుబాయిలు మొదలుకొని పెద్ద డాక్టర్ల దాకా అందరికీ ఆమె మిషనక్కే.

ఆమె భర్త దూరప్రయాణాల బస్సు డ్రైవరు. వెనకాల ఎవరెంత హారన్ కొట్టినా చెవిన పెట్టేవాడు కాదు, దారిచ్చి తన మానాన తను పోయేవాడు. అందుకే డిపోలో ఆయనకు ‘నిదానం’ అని పేరు పెట్టారు. రోడ్డు మీద ఎంత నిదానమో ఇంట్లో వాదనకు దిగితే అంత దూకుడు. చారెడంత విషయానికి బారెడు వాదన చేసేవాడు. పిల్లలు కలగలేదు. ఆ బాధ ఎప్పుడో అరిగిపోయింది. రెండు గదుల ఇంట్లో మిగిలింది ఇద్దరే గనక మాటకు మాట అనుకోవడమే వాళ్ళకు కాలక్షేపమూ, ముచ్చటాను.

ఆయన ఉద్యోగం నుంచి దిగిపోయిన ఏడు, ఒక్కగానొక్క చెల్లెలు ఫోన్ చేసింది. ఆవిడ ఉండేది విమానంలో తప్ప ఒక పట్టాన చేరలేనంత దూరంలో. “అన్నయ్యా, ఇన్నాళ్ళూ నువ్వు నడిపితే జనం కూర్చున్నారు. ఒక్కసారి నువ్వు కూర్చో, ఇంకెవరో నడుపుతారు” అని టిక్కెట్లు కూడా తనే తీసి పంపింది.

తీరా చూస్తే ఇంట్లో పెట్టె లేదు. డ్యూటీకి ఆయన భుజాన తగిలించుకునేది ఒక సంచీ. ఆమెకు ఆసుపత్రి, ఇల్లు తప్ప వేరే ప్రయాణమే లేదు. పెట్టె కొనాలనుకున్న రోజే గొడవ మొదలైంది. ఆయనేమో గట్టి పెట్టె కావాలన్నాడు. ఆమేమో గుడ్డ పెట్టె చాలంది.

ఎవరి కారణాలు వాళ్ళకున్నాయి. బస్సు డిక్కీల్లో సామాన్ల మీద సామాన్లు ఎలా విసిరేస్తారో ఆయన జన్మంతా చూశాడు. గుడ్డ పెట్టె అంటే దిండుతో సమానమని, దాని మీద ఎవడైనా కూర్చుంటాడని, ఏ వెధవైనా బ్లేడుతో కోస్తాడని ఆయన వాదన. ఆమె బతుకంతా చిరుగులతోనే గడిచింది. గుడ్డ చిరిగితే కుట్టుకోవచ్చు, గట్టిది పగిలితే ఏం చేస్తారు, జిగురేసి అతుకుతారా అని ఆమె అడిగేది. పైగా గుడ్డదైతే తిరిగొచ్చాక మంచం కిందికి తోసేయొచ్చు. గట్టిది ఇంటికొచ్చిన చుట్టంలా నట్టింట్లో కూర్చుంటుంది.

ఒక ఆదివారం ఇద్దరూ దుకాణానికి వెళ్ళారు. ఆమె గుడ్డ పెట్టె లోపలి అస్తరు తిప్పి కుట్లు చూసింది, జిప్పు పదిసార్లు లాగింది. ఆయన గట్టి పెట్టెను వేళ్ళతో కొట్టి చూశాడు, చివరికి దానిమీద కూర్చున్నాడు. దుకాణదారు నవ్వాపుకున్నాడు. ఆయన అలా కూర్చునే, ఆమెకు ఎప్పుడూ చెప్పని సంగతొకటి చెప్పాడు.

ఒకప్పుడు ఘాట్ రోడ్డు దిగి బస్సాపితే, ఎవరో అమ్మాయి గుడ్డ పెట్టె ఇనప పెట్టె కింద పడి నలిగిపోయి ఉంది. లోపల వాళ్ళ నాన్న ఫోటో, అద్దం ఫ్రేముతో సహా ముక్కలైంది. ఆ అమ్మాయి రోడ్డు పక్కన కూర్చుని బట్టల్లోంచి గాజుముక్కలు ఏరుకుంటుంటే ఆయన వానలో గొడుగు పట్టుకుని నిలబడ్డాడట. ప్రయాణికులు ఆలస్యమవుతోందని కేకలేసినా కదల్లేదట.

“నీకెప్పుడూ చెప్పలేదు కదూ” అన్నాడు.

ఆమె లేదంది. ఆ మాటకు ఆమె మనసు మెత్తబడింది, గట్టిదే తీసుకుందామని చెప్పబోయింది. అంతలో ఆయనే లేచి, “సరేలే, నీ మాటే కానీ. కుట్టుకోగలిగినదే కొనుక్కుందాం” అన్నాడు. కాపురానికి వచ్చిన తర్వాత ఆయన వాదనలో ఓడిపోవడం ఆమె చూసింది అప్పుడే. ముదురు నీలం రంగుది వచ్చే వారం వస్తుందని దుకాణదారు చెబితే, అప్పుడే తీసుకుంటామని చెప్పి వచ్చేశారు.

మర్నాడు పొద్దున్న టీ గ్లాసు అందుకుంటూ ఆయన, “ఒకటి చెప్పనా, మనకు గట్టి పెట్టే నయం” అన్నాడు.

రాత్రికి రాత్రి మనసు మార్చుకున్నారా అని ఆమె ఒంటికాలి మీద లేచింది. ఆయనా తగ్గలేదు. డిక్కీ, బ్లేడు, దిండు అన్నీ వరసగా వచ్చాయి. ఆఖర్న ఘాట్ రోడ్డు, అమ్మాయి, గాజుముక్కలు. “నీకెప్పుడూ చెప్పలేదు కదూ” అన్నాడు.

“నిన్ననేగా చెప్పారు.”

“చెప్పానా?” అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఏడిపించడానికే అంటున్నాడనుకుంది. కాసేపటికి ఆయన మెత్తబడి, సరేలే, నీ మాటే కానీ అన్నాడు.

ఆ మర్నాడూ అంతే. ఆ పై రోజూ అంతే. ఒక్క మాట తేడా లేదు. ఆమె నవ్వడం మానేసింది. వేళాకోళం ఇంత సాగదీస్తారా అని విసుక్కుంది కూడా. ఆ విసుగు తర్వాత చాలాకాలం ఆమెను ముల్లులా గుచ్చింది.

నీలం పెట్టె వచ్చిందేమో కనుక్కుందామని ఒక సాయంత్రం డ్యూటీ నుంచి అటే వెళ్ళింది. దుకాణదారు ఆమెను చూసి, ఉన్న బేరాన్ని వదిలి పక్కకొచ్చాడు. “ఏమీ అనుకోకండమ్మా. సారు రోజూ మధ్యాహ్నం వస్తున్నారు. వచ్చిన ప్రతిసారీ ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు అన్నీ అడుగుతారు. నిన్న వెళ్ళేటప్పుడు ఇల్లు ఎటువైపని నన్నడిగారు. మా మనిషిని తోడిచ్చి పంపించాను.”

ఆమె చేతికందిన పెట్టె పిడి పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది.

ఆసుపత్రిలో మెదడు జబ్బులు చూసే డాక్టరమ్మ గౌన్లకు చేతులు పొట్టి చేసి ఇచ్చేది మిషనక్కే. ఆ చనువుతో ఆయన్ను తీసుకెళ్ళి చూపించింది. పరీక్షలయ్యాక డాక్టరమ్మ ఆమెను ఒక్కదాన్నీ కూర్చోబెట్టి, మాటలు దాచకుండా చెప్పింది. ఇది మతిమరుపు జబ్బు, వెనక్కి తిరిగేది కాదు. కొత్త చోట బెదిరిపోవచ్చు, అయినా చెల్లెల్ని చూడాలనుకుంటే ఇప్పుడే వెళ్ళండి, ఆలస్యం చేయకండి అంది.

ఆలస్యం చేయకూడదని ఆమెకు తెలుసు. అయినా చేసింది, టిక్కెట్ల తేదీ ముందుకు జరపమని ఆడపడుచును అడగలేదు.

ఎందుకంటే, ఆయన పొద్దున్న ఆ పెట్టె గొడవ పెట్టుకున్నంతసేపూ పాత మనిషిలాగే ఉండేవాడు. గొంతు లేచేది, కళ్ళు మెరిసేవి, చేత్తో గాల్లో స్టీరింగు తిప్పేవాడు. ఆ తర్వాత రోజంతా ఏదో పోగొట్టుకున్నట్టు గదిలోంచి గదిలోకి తిరిగేవాడు. పెట్టె కొనేస్తే ఇక గొడవకు చోటెక్కడిది? నీలం పెట్టె వచ్చిందని దుకాణదారు కబురుపెడితే, ఆకుపచ్చది ఉందేమో చూడమంది. ఆకుపచ్చది వస్తే చక్రాలు బాగాలేవంది. పొద్దున్నే లేచి, ముఖం కడుక్కుని, టీ పెట్టి, ఆ మాట కోసం ఎదురుచూసేది. గట్టి పెట్టే నయం అని ఆయన అనగానే, ఎప్పుడూ విననట్టు, ఎందుకు నయమో చెప్పండి అని అందుకునేది. గాజుముక్కల అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి, “నాకెప్పుడూ చెప్పలేదు” అనేది.

ఆడపడుచు ఫోన్ చేసి, ఇంతకీ ఏ పెట్టె కొన్నారు వదినా అని అడిగితే, మీ అన్నయ్య తేల్చడం లేదని ఆయన మీదికి తోసేసింది. ఆ పూట నవ్వి పెట్టేసినా, ప్రయాణం దగ్గరపడుతున్నకొద్దీ ఆమెకు అన్నం సహించడం లేదు.

వారంలో విమానం ఎక్కాల్సి ఉండగా, ఒక పొద్దున్న ఆయన టీ తాగి గ్లాసు కింద పెట్టి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఏమీ అనలేదు. ఆమె కాసేపు చూసింది. గ్లాసులు కడిగింది. తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది. ఇక ఉండబట్టలేక తనే ఎదురుగా కూర్చుని అడిగింది.

“ఏమండీ, గట్టి పెట్టె కొందామా, గుడ్డది కొందామా?”

ఆయన మర్యాదగా ఆమె వైపు తిరిగాడు. ఎక్కాల్సిన బస్సేదో తెలియని ముసలమ్మకు దారి చెప్పేటప్పుడు ఎంత మర్యాదగా ఉండేవాడో అంత మర్యాదగా.

“మీ ఇష్టమండీ” అన్నాడు. “మీకేది బాగుంటే అది తీసుకోండి.”

ఇన్నేళ్ళలో ఆయన నోట ఆమె ‘నువ్వు’ తప్ప మరో మాట వినలేదు. కోపంలో ‘ఏమే’ అని కూడా విన్నది. ‘మీరు’ ఎప్పుడూ వినలేదు. ఆమె లేచి వెళ్ళి గది తలుపు వెనక నిలబడి, ఏడుపు బయటికి వినిపించకుండా కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ రోజే ఆడపడుచుకు ఫోన్ చేసి అంతా చెప్పింది. టిక్కెట్లు అలా పోయాయి. ఆడపడుచే వచ్చింది. ఆయన గుమ్మంలో చేతులు జోడించి, రండి, ఎవరికోసం వచ్చారు అని అడిగాడు. పక్కన కూర్చుని చిన్ననాటి కబుర్లు చెబితే శ్రద్ధగా విన్నాడు. మీ అన్నయ్య మంచివాడిలా ఉన్నాడమ్మా అన్నాడు. ఆ మాటకు ఆవిడ లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది.

తిరిగి వెళ్ళే రోజు, ఆటో వచ్చి ఆగిన తర్వాత, ఆవిడ వదిన చెయ్యి పట్టుకుంది. “ముందే చెప్పుంటే నేను అప్పుడే వచ్చేదాన్ని కదా వదినా. అన్నయ్యకి నేను గుర్తుండగా.”

ఆమె తలెత్తలేదు. “పొద్దున్నే పోట్లాడేవారు. ఆ కాసేపూ ఆయనే. అది కూడా పోతుందని భయపడ్డాను” అంది.

ఆడపడుచు చెయ్యి వదిలి ఆటో ఎక్కింది. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు. ఆటో వీధి మలుపు తిరిగింది.

ఇంట్లో ఒంటరిగా వదిలే వీలులేక, పెద్ద నర్సును బతిమాలి ఆయన్ను తనతో దుప్పట్ల గదికి తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. మిషను పక్కన కుర్చీ వేసి, ఒళ్ళో దిండు గలీబులు పెట్టేది. ఆయన అంచుకు అంచు కలిపి మడతపెట్టేవాడు, తొందర లేకుండా. గుట్ట పూర్తయితే ఆమె దాన్ని తీసి, ఆయన చూడకుండా విప్పి, మళ్ళీ తెచ్చి ఒళ్ళో పెట్టేది. పైనుంచి బండి దిగేది, గంట మోగేది. కొత్తగా వచ్చిన వార్డుబాయి ఒకడు, ఈయనెవరు అక్కా అని అడిగాడు. ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ, కళ్ళు సరిగా ఆనక, రెండోసారి ప్రయత్నించింది.

“మా ఆయన” అంది.

గలీబు మడతపెడుతున్న మనిషి ఆ మాటకు తలెత్తి, ఆమె ఎవరి గురించి చెబుతోందోనని గుమ్మం వైపు చూశాడు.