మా కీబోర్డు పేరు ఎవరిది?

ఫోన్లో తెలుగు సులువుగా టైపు చేసుకోవడానికి మేం నలుగురం ఒక కీబోర్డు తయారుచేశాం. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, కోడు తీసుకుని మార్చుకోవచ్చు. పేరు నేనే పెట్టాను. మాలో పెద్దాయనకు అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ ఉంది. ఆదివారాలు అక్కడే పనిచేసేవాళ్లం. ఆయన్ని అందరం అన్నా అనేవాళ్లం.

ఒకరోజు యాప్ స్టోర్‌లోంచి మా కీబోర్డును తీసేశారు. ఆ పేరు వేరే కంపెనీ ట్రేడ్‌మార్క్ అట. ట్రేడ్‌మార్కులు నమోదు చేసే రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో వెతికితే, ఎప్పుడూ వినని కంపెనీ. దరఖాస్తు తేదీ చూశాను. మేం ఆ పేరు బయటపెట్టకముందే వేశారు. అప్పటికి అది తెలిసింది మా నలుగురికే.

అప్పట్నుంచి ఒకరితో ఒకరం సరిగా మాట్లాడుకోలేదు. మాలో కీబోర్డుకు బొమ్మలు గీసిన కృష్ణానగర్ అమ్మాయి ఆ పేరు ఇంగ్లీషులో ఎలా రాయాలని అప్పట్లో ఎందుకడిగిందో అని మనసులో తవ్వుకున్నాను. పాపం, బొమ్మ కోసమే అడిగి ఉంటుంది.

కంపెనీ చిరునామా వెతుక్కుంటూ ఎస్.ఆర్. నగర్ వెళ్తే, అక్కడ ఆడపిల్లల హాస్టల్ ఉంది. కంపెనీ చిరునామాలో ఉన్న కింది గదికి తాళం.

"ఈ ఆఫీసు ఎవరిదండీ?" అని వాచ్‌మన్‌ను అడిగాను.

"కోచింగ్ సారుది. అప్పుడప్పుడొస్తడు, మస్తు మంచిగ మాట్లాడ్తడు."

పంజాగుట్టలో ఒక హోటల్‌కు రమ్మంటే అన్న వచ్చారు. దాచలేదు.

"అవ్ చెల్లె, నేనే చేయించిన. బయటోడెవడన్న గుంజుకపోతడని."

"మాకు చెప్పలేదేం?"

"చెప్దామనుకున్న, యాదిమర్చిన."

"మన కీబోర్డునే తీయించారు కదన్నా!"

"గా పని నేను చెయ్యలే. వకీలు ఆఫీసోళ్లు ఆ పేరు యాడ కనవడ్తే ఆడ కంప్లైంట్ పెడ్తరు. ఫికర్ చెయ్యకు, అందరి పేరు మీదికి మార్పిస్త."

నమ్మాలనే అనిపించింది. కానీ టీ తాగుతూ, కోడు ఉన్న ఖాతా పాస్‌వర్డు ఇప్పుడు ఎవరి దగ్గరుందని మామూలుగా అడిగారు. తెలియదన్నాను. అది నా దగ్గరే ఉంది.

నెలలు గడిచినా పేరు మారలేదు. ఫోన్ చేస్తే "అయితది చెల్లె" అనేవారు. చివరికి మిగిలిన ముగ్గురం కోడు తీసుకుని వేరే పేరుతో కీబోర్డు విడుదల చేద్దామనుకున్నాం. అయితే కొత్త పేరు ముందుగా పైకి చెప్పడానికి ఎవరూ నోరు విప్పలేదు. ఒకే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, పేరు ఖాయం చేసి, ముగ్గురి పేరిట అక్కడికక్కడే దరఖాస్తు పంపాకే లేచాం.

వాడేవాళ్లు మెల్లగా కొత్త పేరుకు అలవాటుపడ్డారు. అన్న నిజంగా మా మంచి కోరే చేశారేమో, నాకు ఇప్పటికీ తేలలేదు. రిజిస్ట్రీలో మా దరఖాస్తు మాత్రం అప్పుడప్పుడు తెరిచి చూస్తుంటాను, ముగ్గురి పేర్లూ ఉన్నాయా అని. ఆ సంగతి మిగతా ఇద్దరికీ చెప్పలేదు.