మా ఊరి బస్సులో కోడళ్లు కూర్చున్నారు

ఐదో తరగతి ఎట్లనో గట్టెక్కి బడి మానేసినదాన్ని. ఇన్నేళ్లు బీడీలు చుట్టాను గానీ ఇట్లా రాయడం ఇదే మొదలు. ఒత్తులూ దీర్ఘాలూ సరిగ్గా రావు, రాత వంకర. ఏమీ అనుకోకండి.

మాది సుల్తానాబాద్‌ నుంచి లోపలికి, వాగు అవతల ఉన్న చిన్న ఊరు. మగవాళ్లు సగం మంది మందమర్రి బొగ్గుబావుల్లో, కొందరు దుబాయిలో ఉండేవాళ్లు. ఊళ్లో మిగిలింది ముసలివాళ్లు, పిల్లలు, బీడీలు చుట్టే మేము. ఎనభైల చివర్లో వాగు మీద వంతెన కట్టాక మాకు బస్సు వేశారు. ఎక్కేవాళ్లుంటేనే ఉంచుతామన్నారు. మొదటిరోజు డప్పులు కొట్టి, బస్సుకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టాం.

నా ఆశ ఒక్కటే. మా ఊళ్లో బడి ఏడు వరకే. నా బిడ్డ ఏడు పాసైంది. బస్సుంటే సుల్తానాబాద్‌ హైస్కూలుకు పోతుంది. లేకుంటే నా పక్కన కూర్చుని బీడీలు చుడుతుంది.

కానీ బస్సు ఖాళీగా తిరిగింది. మా మామ, ఇంకో ఇద్దరు ముగ్గురు పెద్దలు రోజూ ముందు సీట్లలో కూర్చుని సుల్తానాబాద్‌లో చాయ్ తాగి వచ్చేవాళ్లు. మామ ఎదుట కోడలు సమానంగా కూర్చోకూడదు, మా దగ్గర పద్ధతి అది. ఊరంతా వరసలే కాబట్టి ప్రతి కోడలికీ ఆ బస్సులో ఒక మామ ఉండేవాడు. అందుకని బీడీల గంపలు నెత్తిన పెట్టుకుని సుల్తానాబాద్‌ కార్ఖానాకు నడిచే పోయేవాళ్లం. బస్సు వస్తే పక్కకు జరిగి దారి ఇచ్చేవాళ్లం.

ఒకరోజు డిపో సారు వచ్చాడు. "జనమే లేని ఊరికి బస్సెందుకు? బంద్ చేస్తం" అన్నాడు.

కొంగు నెత్తి మీదికి లాక్కుని, "సారూ, ఆడోళ్లం జనం కాదా?" అన్నాను.

"జనమైతే ఎక్కున్రి మరి. నడిశేటోళ్లకు బస్సెందుకమ్మా? ఒక్క వారం చూస్త."

అంతవరకు మామతో ఏదైనా అత్త ద్వారానే చెప్పేదాన్ని. ఆ సాయంత్రం ఎదురుగా నిలబడ్డాను.

"మామా, మీరు కూసుంటే మేము ఎక్కుతలేం. బస్సు బంద్ అయితే మీ మనుమరాలి సదువు గూడ బందే."

"నోరెంత లేసిందే నీకు!" అని అత్త కసిరింది.

"అయితె నన్ను దిగుమంటవా?" అన్నాడు మామ.

"దిగుమంటలేను మామా. మీకు తోసింది చెప్పున్రి."

"నేనైతె దిగ. డ్రైవర్ పక్కన ఇంజన్ మీద కూసుంట, మొకం రోడ్డు దిక్కు పెట్టి. ఎనుక ఎవలు కూసున్నరో నాకేం ఎరుక?"

తెల్లవారి నిజంగానే కండువా మడతపెట్టి ఇంజన్ మీద వేసుకుని కూర్చున్నాడు. మిగతా పెద్దలూ సీట్లు వదిలి ఆయన పక్కకే జరిగారు. మేం ఎక్కాం గానీ, ఇద్దరు కోడళ్లు భయంతో కింద కూర్చున్నారు.

"కింద కూసునుటానికి టికెట్ తీసుకున్నరా అక్కా? లేవున్రి!" అన్నాడు కండక్టర్.

మామ వెనక్కి తిరగకుండానే అరిచాడు. "అందరు కూసున్నరాయ్యా? జల్ది పోనియ్, నాకు కింద కాలుతుంది!"

బస్సంతా నవ్వింది. మామల ముందు అట్లా నవ్వడం మాకు అదే మొదలు.

వారం తర్వాత డిపో సారుకు కాలు పెట్టే జాగ దొరకలేదు. కడ్డీ పట్టుకుని నిలబడి, "ఇంతమంది ఇన్ని దినాలు యాడున్నరమ్మా?" అన్నాడు.

"గీడనే ఉన్నం సారూ, నడుస్తున్నం" అన్నాను.

బస్సు బంద్ కాలేదు. నా బిడ్డ అదే బస్సులో పోయి పది పాసైంది. మా ఊళ్లో పది పాసైన మొదటి ఆడపిల్ల నా బిడ్డే. ఈ మాట ఎంతమందికి చెప్పినా నాకు తనివి తీరదు.

రాసింది మళ్లీ చదువుకుంటే తప్పులు నాకే కనిపిస్తున్నాయి. కనిపించనివి ఇంకెన్నో. పెద్ద మనసుతో క్షమించండి.