మెలికల ముగ్గెక్కిన బండి

మా బుల్లి బండికి పిచ్చెక్కి, వచ్చిన అతిథిగారి కాళ్ల మీద పడిందని మాతో చదివినవాళ్లు ఈనాటికీ చెప్పుకుని నవ్వుతారు. నవ్వండి, నాకేంది. పిచ్చి మాత్రం బండికి కాదు.

ఎనభైల్లో మాట. నరసరావుపేటలో బీయస్సీ చదువుతున్నాం. సైన్స్ ఎగ్జిబిషన్‌లో ఆ ఏడు కొత్త పోటీ పెట్టారు: ఎవరూ ముట్టకుండా తనంతట తాను నడిచే బండి చెయ్యాలి. హాల్లో నల్ల నాపరాళ్ల మీద సున్నంతో గీసిన తెల్లగీత వెంట, గీత వదలకుండా, గుమ్మం దగ్గరున్న చివరిదాకా పోయి ఆగాలి. గెలిచిన జట్టు గుంటూరు పోటీకి వెళ్తుంది. నాకు ఆ గుంటూరు కావాలి. అంతే.

నేనూ నా స్నేహితురాలూ సబ్బుపెట్టెలో చేశాం మా బండిని. రేడియోలు బాగుచేసే భాయ్ పాత టేప్‌రికార్డర్ మోటార్లు రెండిచ్చాడు, వెలుతురు కనిపెట్టే బిళ్లలు అతికించడం నేర్పాడు. "తెల్లగా కనపడితే చాలమ్మా, మాచర్ల దాకా పోద్ది ఇది" అన్నాడు.

పోటీ రోజు పొద్దున్నే మా లెక్చరర్ గారు, "ఆడపిల్లలేగా, గుమ్మంలో ముగ్గెయ్యండమ్మా, అతిథిగారొస్తున్నారు" అన్నారు. మగపిల్లలు చక్రాలు బిగించుకుంటుంటే మేం సున్నప్పిండితో మెలికల ముగ్గు! కోపంతో వేశానేమో, చానా పెద్దదొచ్చింది.

మగపిల్లల బండి మలుపులో గీత తప్పింది. ఎత్తి మళ్లీ గీత మీద పెట్టారు, ఎవరూ నోరెత్తలేదు. మాది మలుపులన్నీ ఠీవిగా తిరిగింది, చివరికొచ్చింది, ఆగకుండా ముగ్గులోకి దూరింది! చుక్క చుట్టూ తిరిగి ఇంకో చుక్క, మెలిక మీద మెలిక. హాలంతా ఈలలు. "ఏమే, ఆపవే దాన్ని!" అని నా స్నేహితురాలు దాని వెనక, నేను ఆమె వెనక. అతిథిగారు పంచె ఎగ్గట్టి గెంతారు. కాళ్ల మీద పడలేదండీ, ఆయన నిలబడిందే ముగ్గులో!

"చివర ఆగలేదు, ఓడిపోయారు" అన్నారు లెక్చరర్ గారు.

"చివరంటే ఏది సార్? గీత ఎక్కడ అయిపోయిందో చూపించండి" అన్నాను.

ఆయన వంగి, మెలిక వెంట వేలు పెట్టుకుంటూ పోయి పోయి, బయల్దేరిన చోటికే వచ్చారు. నేను నవ్వలేక నాపరాళ్ల మీద కూలబడ్డాను. అయినా గుంటూరు మగపిల్లలే పోయారు.

గీతకీ ముగ్గుకీ నడుమ జానెడు ఖాళీ వదిలానని నాకు బాగా గుర్తు. నా స్నేహితురాలేమో తను ముట్టలేదని కోటప్పకొండ మీద ఒట్టేస్తుంది. మరి ఆ జానెడు కలిపిందెవరు?