వంటింటి కింది నీళ్ళు

మడుగక్క సాధించిన మొదటి విజయం, రైలు కట్ట వెనకాల ఉన్న నీటిని సర్వే పటంలోకి ఎక్కించడం. ఇప్పుడు వింటే ఓస్ ఇంతేనా అనిపిస్తుంది గానీ, ఆ నీటి కోసం ఆమె రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగింది. విమానంలోంచి తీసిన ఫోటోలో అక్కడ నీళ్ళు కనిపించవు. రైలు కట్ట నీడ ఒక్కటే కనిపిస్తుంది. "నీడకి రంగు పూయమంటావా?" అని పటాల విభాగంలో పెద్దాయన ఎకసెక్కమాడాడు. ఆమె తాడు, సీసం గుండు సంచిలో వేసుకుని ఎండల్లో ఒకసారి, వానల్లో ఒకసారి, మరుసటేడు మళ్ళీ అదే వరసన వెళ్ళి లోతు కొలిచి వచ్చింది. చివరికి ఆ పెద్దాయనే బూట్లు చేత్తో పట్టుకుని చూడబోయాడు. మోకాలి లోతు అనుకుని అడుగేసి, చంకల దాకా మునిగి, పైకొచ్చాక "రాసుకో తల్లీ, నీదే గెలుపు" అన్నాడు. ఆ రోజే ఆఫీసులో ఆమెకి మడుగక్క అనే పేరు పడింది. వెక్కిరింతగా పుట్టిన పేరు బిరుదై కూర్చుంది.

పదో తరగతి గట్టెక్కి కొలత గొలుసు మోసే పనిలో చేరిన మనిషి, పదిహేనేళ్ళు తిరక్కుండా నీటి కొలతల విభాగానికి పెద్ద అయింది. కొత్తగా చేరిన ప్రతివాడూ ముందు ఆమె దగ్గర పాఠం వినాల్సిందే. ఆమె చేసిన పనులు చెప్పుకుంటూ పోతే చాంతాడంత అవుతుంది. అందులో ఒకటి మాత్రం చెప్పకపోతే పాపం: ఇంగ్లీషు మాటల చిక్కు విప్పింది ఆమే.

ఆ ఆఫీసులో పటాల మీద నీళ్ళ రకాన్ని ఇంగ్లీషులోనే రాయాలి. మాట ఒకటే, రాసేవాళ్ళ మనసులో బొమ్మలు పది. పూల్ అంటే పట్నంవాడికి ఈతకొలను, పడవవాడికి ఏటి మలుపులో లోతైన మడుగు, ఆఫీసు డ్రైవరుకి అందరూ కలిసి వాడుకునే కారు. పాండ్ అంటే ఒకరికి బాతులు ఈదే కొలను, ఒకరికి చేపలు పెంచే గుంట, సముద్రం పక్కన ఉప్పు పండించేవాడికి ఉప్పుమడి. ట్యాంక్ సంగతి అడగనే అక్కర్లేదు. మిద్దె మీద డబ్బా, మోటారు సైకిలు పొట్ట, యుద్ధంలో ఇనుప బండి, పాత పటాల్లో కట్ట వేసిన చెరువు, అన్నీ అదే. ఏ మాట ఎక్కడ ఏ నీటికి చెల్లుతుందో, ఎంత లోతుకి, ఎన్ని నెలల తడికి ఏది రాయాలో మడుగక్క చిన్న పుస్తకంగా కూర్చింది. పై ఆఫీసువాళ్ళు ఇత్తడి ఫలకం ఇచ్చారు. అది ఆమె ఇంట్లో బియ్యం డబ్బా మీద మూతగా ఉంది. ఆమెకి గొప్పలు పోవడం రాదు. ఆ లోటు మనం తీర్చాలి.

అంతటి మనిషికి సొంత చెల్లెలి వంటిల్లు పరీక్ష పెట్టింది.

చెల్లెలి ఇల్లు దుకాణాల వీధి వెనక, పూడ్చిన నేల మీద ఉంది. ఆ వరసలో మిగతా ఇళ్ళు పాత ఒడ్డు మీద పడ్డాయి. వీళ్ళది ఒక్కటే సరిగ్గా నీటి నడిమధ్య. పాత పటంలో అక్కడ నీలం మరక ఉంది, తర్వాతి పటంలో తెలుపు. ఇప్పుడు కొత్త పటం వేస్తున్నారు. నీలమో తెలుపో తేల్చాల్సింది మడుగక్క. నీలం అంటే మళ్ళీ నీళ్ళే, చెల్లెలి ఇల్లు పడగొట్టి మట్టి తవ్వేస్తారు. తెలుపు అంటే ఇల్లు ఉంటుంది, ఎంతకాలం నిలుస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేరు.

ఆ సమయంలోనే చెల్లెలు కబురు చేసింది. మడుగక్క వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. వీధిలో ఎండ పేలిపోతోంది. వంటింట్లో మాత్రం గచ్చు చెమట పట్టి ఉంది.

"మాట్లాడకుండా కూర్చో అక్కా. ఇప్పుడే మొదలవుతుంది."

"ఏం మొదలవుతుందే?"

"తొక్కుడు."

చప్. చప్. చప్. గచ్చు కింద, బాగా లోతున, తడి బురదలో పాదాలు. ఒకరివి కావు, చాలామందివి. ఒకే వరసలో ఒక గోడ దాకా వెళ్ళి, ఆగి, తిరిగి ఇటు వస్తున్నాయి.

"ఎలకలేమో," అంది మడుగక్క.

"ఎలకలు కవాతు చేస్తాయా? పెద్ద చదువరివి, కాస్త నమ్మేలా చెప్పు."

నేలలో ఇరుక్కున్న గాలి నీరు పెరిగితే చప్పుడు చేస్తుందని మడుగక్కకు తెలుసు. ఆ మాటే చెప్పబోయి గచ్చుకు చెవి ఆనించింది. చప్పుడు సరిగ్గా ఆమె చెవి కింద ఆగిపోయింది. ఆమె లేచి పైట కప్పుకుంది.

మరిది, చెల్లెలి మొగుడు, భోజనానికి వచ్చాడు. తాళాలు బాగుచేసే పని అతనిది. గోడకి తడి ఎక్కినప్పుడల్లా సున్నం కొట్టి కప్పేస్తాడని, చప్పుడు సంగతే ఎత్తడని చెల్లెలు మొత్తుకుంది. అతను కాదనలేదు.

"వినబడుతుంది వదినా. నాకు ఇల్లు కట్టిన రోజు నుంచీ వినబడుతూనే ఉంది."

"వినబడుతున్నా ఇక్కడే ఉంటావా?"

"మా అమ్మ ఈ నీళ్ళలోనే పోయింది. బట్టలుతకడానికి దిగి మళ్ళీ ఎక్కలేదు. ఎంత వెతికినా దొరకలేదు. ఏడాది తిరక్కుండా పైన మట్టి పోసేశారు. స్థలాలు అమ్మకానికి పెడితే అందరూ ఒడ్డు వెతుక్కున్నారు, నేను నడిమధ్య అడిగాను." అతను కంచంలోకి చూస్తూ అన్నాడు. "అమ్మ ఎటూ పోలేదు. నేనే దగ్గరికొచ్చాను."

చెల్లెలికి ఈ సంగతి ఇప్పుడే తెలిసింది. లేచి గడ్డపార తెచ్చి అతని ముందు పడేసింది. "ఊళ్ళో తాళాలన్నీ తీస్తావు. ఈ ఒక్కటీ నువ్వే తియ్యి."

గచ్చు పగలగొట్టారు. మొదట ఇటుక ముక్కలు, సీసా పెంకులు వచ్చాయి, ఆ కింద నల్లమట్టి. ఛాతీ లోతున గడ్డపార ఆగింది. తగిలింది రాయి కాదు. బూడిదనీలం బంకమన్ను, వెన్నలా నున్నగా ఉంది.

మడుగక్క చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపింది. ఇంగ్లీషులో పడిల్ అంటే పిల్లలు దూకి ఆడే వాన గుంట అని అందరూ అనుకుంటారు. పాత కాలవల పనివాళ్ళకి ఆ మాటే ఇంకొకటి. నీళ్ళు పోసి, కాళ్ళతో తొక్కి తొక్కి, చుక్క కిందికి దిగకుండా అడుగున పరిచే మన్ను. తన పుస్తకంలో ఆ అర్థం ఆమె రాసింది. కళ్ళతో చూడడం ఇదే మొదలు.

"నాకు తెలుసు," అన్నాడు మరిది. "అమ్మ చెప్పేది. పెళ్ళికి ముందు ఆవిడా తొక్కింది. ఆడవాళ్ళంతా ఒకరి భుజాలొకరు పట్టుకుని, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి."

మడుగక్క చెంబుతో నీళ్ళు పోసి మన్ను మీది మట్టి కడిగింది. పాదాల గుర్తులు. మడమలు, వేళ్ళు, పక్కపక్కనే, వరసగా గోడ కిందికి వెళ్ళిపోతున్నాయి. వాళ్ళు చూస్తుండగానే మడమల గుంటల్లోకి పక్కనుంచి నీరు ఊరింది.

మరిది గోతిలోకి దిగి ఒక గుర్తులో అరచెయ్యి పెట్టాడు. తీసి, ఇంకోదాంట్లో పెట్టాడు.

"ఏది అమ్మదో ఎలా తెలుస్తుంది వదినా?"

"తెలీదు నాయనా."

"అయితే దేన్ని వదిలిపెట్టి రమ్మంటావు?"

మడుగక్క ఉన్నదున్నట్టు చెప్పింది. అడుగున తొక్కిన మన్ను గిన్నెలా చెక్కు చెదరకుండా ఉంది. పైన పడ్డ ప్రతి వాన చుక్కా ఇందులోనే నిలుస్తుంది. ఇల్లు ఆ గిన్నెలో నానుతోంది. వంటింటి గోడ అప్పుడే ఒక పక్కకి కుంగింది, రెండు వానాకాలాలు ఆగడం కష్టం.

"బతికున్న నేను కనిపించనా?" అంది చెల్లెలు. "నన్నూ అందులోనే కలిపేస్తావా?"

అతను తల ఎత్తలేదు. "మనం వెళ్ళిపోతే అమ్మ దగ్గర ఎవరుంటారు? మళ్ళీ ఒంటరిగా వదిలేసి పోనా?"

మడుగక్క అంది, "నేనుంటాను. ఈ ఇంటి మేడ మీద ఉంటాను. వానలు చూడకుండా ఏ నీటికీ పేరు రాయను, అది నా పద్ధతి. మీరు నా గదుల్లోకి వెళ్ళండి."

"నీకు భయం లేదా?"

"ఎందుకు లేదు? అయినా ఉంటాను."

పై ఆఫీసు గడువు ఇచ్చింది. చెల్లెలూ మరిదీ సామాను సర్దుకుని వెళ్ళారు. మడుగక్క వంటింట్లో నీటిమట్టం కొలిచే రంగు గీతల కర్ర పాతి, మేడ మీద మంచం వేసుకుంది. వానలు పట్టాయి. గోయి నిండింది, గచ్చు మునిగింది, నీళ్ళు రెండో మెట్టు దాకా వచ్చాయి. బయట బురదగా పారే నీరు లోపల మాత్రం తేటగా ఉంది. పైనుంచి చూస్తే పాదాల గుర్తులు లెక్కపెట్టేంత తేట.

మరిది రోజూ మధ్యాహ్నం కారియరు తెస్తాడు. లోపలికి రాడు. వీధిలో గొడుగు పట్టుకుని నిలబడతాడు, ఆమె మేడ మీంచి తాడు దించుతుంది. అదే సీసం గుండు తాడు.

మొదటి వారం, "తొక్కుతున్నారా?" అని అడిగాడు.

"లేదు. గోయి తీశాక వరస ఆగిపోయింది."

"అసలేమీ లేదా?"

అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. "ఒక్కరే ఉన్నారు," అంది. "మెట్ల దాకా వచ్చి ఆగుతున్నారు."

అతని గొడుగు ఒకసారి వంగి, మళ్ళీ లేచింది. "పైకి వస్తున్నారా?"

"లేదు. రెండో మెట్టు దగ్గరే. తడి ఎంతవరకుంటే అంతవరకే."

రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. చెల్లెలు చెప్పింది, ఇంటికి వెళ్ళాక అతను చాలాసేపు పడుకునే ఉంటాడట, నిద్ర కూడా పోతున్నాడట. పెళ్ళయ్యాక మొదటిసారి.

వానలు తగ్గుముఖం పట్టిన రోజున అతను కారియరుతోపాటు ఇంటి తాళంచెవుల గుత్తి కూడా తాడుకి కట్టాడు.

"నీలం వేసెయ్యి వదినా. మట్టి తీయించెయ్యమను. ఇల్లు పోతే పోయింది. అమ్మ మీద బరువు నేనే వేశాను, నేనే దించుతాను."

"ఇల్లు మీ ఇద్దరిదీ నాయనా. మా చెల్లి ఏమంది?"

"ఇప్పుడా అడిగేది అంది. అని ఏడ్చింది. తర్వాత కారియరు కట్టింది, చూడు, ఇవాళ కూర రెండు గిన్నెలు."

మడుగక్క తాడు లాక్కుంది. తాళంచెవులు గుప్పిట్లో చల్లగా ఉన్నాయి. కింద, నీళ్ళలో, ఎవరో ఒక మెట్టు వెనక్కి దిగినట్టు చప్పుడయింది. అతను విన్నాడో లేదో తెలియదు. గొడుగు ముడిచి, ఎండలోకి నడిచి వెళ్ళిపోయాడు.

నీలమని తేలిపోయింది. పక్కన రాయాల్సిన మాట, పూలో పాండో ట్యాంకో, ఇంకా తేలలేదు. నీరు ఎంత కిందికి దిగి ఎక్కడ ఆగుతుందో చూడాలి, చూశాకే రాయాలి. చెల్లెలి ఇంటిని మింగిన నీటికయినా ఆమె తొందరపడి పేరు పెట్టదు. గదులు ఊడ్చి ఉంచామని, ఇంక వచ్చెయ్యమని చెల్లెలు కబురు పెట్టింది. కర్ర మీద ఆఖరి గీత తేలేదాకా ఆగమని మడుగక్క జవాబు పంపింది. పై ఆఫీసుకీ, చెల్లెలికీ ఒకే తారీకు చెప్పింది. ఆమె తిరిగి వచ్చేది నవంబరు తొమ్మిదిన.